కొడవలి ఆడేంత సందు

మహమూద్ మనిషి ముఖం కన్నా ముందు ఆ మనిషి వచ్చిన బండి టైర్లు చూస్తాడు. పెళ్లికి పోయినా అంతే, చావుకు పోయినా అంతే. నేను ఇటిక్యాలలో ఆయన పక్కింట్లో అద్దెకు దిగిన రోజు నా స్కూటర్ వెనక టైరు చూసి, "సారూ, ఇది ఇంకో నెల గూడ రాదు" అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నాకు ఒళ్లు మండింది. టైరు సరిగ్గా ఇరవై రెండో రోజు పగిలింది. అప్పటి నుంచి ఆయన మాటకు విలువ ఇస్తున్నాను కానీ ఆయన చెప్పే తీరు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. పుట్టింది నాగర్‌కర్నూల్ పక్క తెలకపల్లిలో. ఇటిక్యాలకు అల్లుడిగా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అయినా "మా దిక్కు" అంటే తెలకపల్లే. మా దిక్కు మట్టి ఎర్రగా ఉంటుంది, మా దిక్కు వాన వెలిసిన గంటకే దారి ఆరుతుంది, మా దిక్కు బండి దిగబడిందని ఎవరూ వినలేదు. ఇటిక్యాల నల్లరేగడి మీద ముప్పై ఏళ్లు బతికి కూడా దాన్ని ఆయన ఒక తాత్కాలికమైన ఇబ్బందిగానే లెక్కపెట్టుకున్నాడు.

ఆయనకున్నది ఒక పికప్ బండి. రెండు వేల ఆరు నాటిది. అసలు రంగు ఏదో ఇప్పుడు చెప్పడం కష్టం. బరువుకు ఓర్చుకోవాలని వెనక చక్రాల పైన ఉండే కమాన్లకు, అంటే స్ప్రింగు పట్టీలకు, ఇంకో పట్టీ ఎక్కువ వేయించాడు. అందువల్ల ఖాళీగా ఉన్నప్పుడు బండి వెనకభాగం ఎత్తుగా నిలబడుతుంది. డ్రైవర్ వెనక ఉండే కిటికీ అద్దం ఎప్పుడో పగిలింది. మళ్లీ వేయించలేదు. ఎందుకని అడిగితే గాలి వస్తుందన్నాడు. అది అబద్ధమని నాకు తర్వాత తెలిసింది.

ఆ బండిలో పన్నెండేళ్లుగా ఒక కూలి ముఠా ప్రయాణం చేస్తోంది. ఇరవై మంది ఆడవాళ్లు. ముఠా పెద్ద బాలనాగమ్మ. సరుకుల బండిలో మనుషులను ఎక్కించడం తప్పని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు, దారిలో కనిపించే పోలీసుకూ తెలుసు. వాళ్లు పోయేది జితేందర్ అనే రైతు విత్తనపత్తి చేనికి. ఆ పని తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి, లోపలి మగ భాగాన్ని గోటితో గిల్లేసి, గుర్తుగా ఎర్ర కాగితం కడతారు. మర్నాడు పొద్దున మగ మొక్కల పూలు తెచ్చి, ఆ గిల్లిన పూలకు రాస్తారు. దీన్నే క్రాసింగ్ అంటారు. పదకొండు దాటాక రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. ముందటి సాయంత్రం ఇరవై మంది వంగి చేసిన పనంతా వృథా అవుతుంది.

రోజూ పొద్దున చేను దగ్గర బండి దిగగానే బాలనాగమ్మ చేసే పని ఒకటుంది. మొక్కల వైపు ఒకసారి చూసి, ఆ సాయంత్రానికి గిల్లాల్సిన మొగ్గ ఎంతుందో అంచనా కట్టి, మహమూద్‌కు వాపసు టైము చెబుతుంది. "ఆరింటికి రా" అనో, "అయిదున్నరకు రా" అనో. ఆయన "వస్త" అంటాడు. పన్నెండు సీజన్లుగా ఒక్క రోజు తప్పలేదు.

మహమూద్ భార్య మెహబూబీ నాలుగేళ్ల కిందట పోయింది. కూతురు గజాలా కల్వకుర్తిలో అత్తగారింట్లో సుఖంగా ఉంది. ఇంట్లో ఆయనతో మాట్లాడే మనిషి లేదు. ఆ పగిలిన కిటికీలోంచి ఆడవాళ్ల మాటలు వినబడతాయి. ఎవరి కోడలు ఏమంది, ఎవరి బర్రె ఈనింది, ఎవరి మొగుడు దవాఖానకు పోనంటున్నాడు. ఆయన మధ్యలో ఒక్క మాట కలపడు, కానీ ఒక్క ముక్క వదలడు. అద్దం వేయించకపోవడానికి కారణం అది. ఆ బండి ఆయనకు తిండి పెడుతుంది, నిజమే. కానీ ఆ మాటలు లేకపోతే ఆయన ఏమైపోయేవాడో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

పోయిన ఏడాది శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. తారురోడ్డు దిగాక చేనికి ఒకటిన్నర కిలోమీటరు బండ్లబాట. అంతా రేగడి. మహమూద్ టైర్లు అప్పటికే బోడి తేలాయి. వాన పడ్డ మర్నాడల్లా ఆయన తారురోడ్డు చివర బండి ఆపేవాడు, ఆడవాళ్లు నడిచిపోయేవాళ్లు. ఆ మట్టిలో నడవడమంటే అడుగుకు ఒక శేరు మట్టిని కాలికి కట్టుకుని నడవడమే. విజయమ్మ అనే ఆమె జారిపడి మణికట్టు వాచింది. చేను చేరేసరికి తొమ్మిదిన్నర. సగం పూలు మిగిలిపోయేవి.

మూడోసారి అలా జరిగాక జితేందర్ తారురోడ్డు దాకా వచ్చి నిలబడ్డాడు.

"మహమూద్ భాయ్, నీ మీద నాకేం కోపం లేదు. బండి చేను గట్టు దాక రావాలె. రాకుంటే రేపటి సంది నా ట్రాక్టర్ పంపుత, ముఠాను నేనే తెచ్చుకుంట."

"వస్తది" అన్నాడు మహమూద్. "టైర్లు మారుస్త."

"మారుస్త అని పోయిన సాలు గూడ అన్నవు" అంది బాలనాగమ్మ బండి వెనక నుంచి. "ఈసారి నేను గూడ వస్త. నువ్వు చూసి, మాట్లాడి, చాయ్ తాగి వాపసొస్తవు."

మర్నాడు పొద్దున్నుంచే ముసురు. అలాంటి రోజు పుప్పొడి తడుస్తుంది, క్రాసింగ్ ఉండదు. ముగ్గురం బయలుదేరాం. నాకు పని లేదు కాబట్టి వెంటపోయాను. బాలనాగమ్మ మధ్యలో కూర్చుంది. నడుముకు చెక్కుకున్న కొడవలిని తీసి ఒళ్లో పెట్టుకుంది. సాయంత్రం వాపసొచ్చేటప్పుడు బర్రెకు గడ్డి కోసుకునే కొడవలి అది. అది లేకుండా ఆమెను నేను చూడలేదు.

కావలసినవి అన్ని దారులకూ పనికొచ్చే టైర్లు. దుకాణాల్లో వాటిని ఏటీ టైర్లంటారు. తారు మీద పరుగెత్తాలి, రాయికి చిరగకూడదు, బురదలో పట్టు విడవకూడదు. ముందు గద్వాల పోయాం. అక్కడ చూపించినవి కళ్లు చెదిరేట్టు ఉన్నాయి. టైరు మీద నేలను పట్టుకునే ఎత్తు దిమ్మలను డ్రైవర్లు గుండీలంటారు, అవి నిగనిగలాడుతున్నాయి. మహమూద్ చతికిలబడి, టైరు పక్కన అచ్చొత్తిన అంకెలు పిల్లవాడు పలక చదివినట్టు చదివాడు. ఏ వారంలో తయారైందో, ఎంత బరువు మోస్తుందో అన్నీ అందులోనే ఉంటాయట.

"ఇది నలుగురు కూసునే జీపు టైరు. నా బండి మీద ఇరవై మంది ఉంటరు. గుండీలు మంచిగున్నయని పెట్టుకుంటే నడుమ దారిల పగులుతది" అన్నాడు. ఆ దుకాణదారుకు అది తెలియదు. మహమూద్‌కు తెలుసు. అందుకే చెబుతున్నాను, ఆయన తెలివితక్కువవాడేమీ కాదు.

బీచుపల్లి వంతెన దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాం. అక్కడ చంద్రశేఖర్ అని నిదానస్తుడైన టైర్ల వ్యాపారి. బండి తలుపు దగ్గర ఉండే రేకు మీద టైరు నంబరు రాసి ఉంటుంది. ఇది తుప్పు తినేసింది. ఆయన కిరోసిన్ గుడ్డతో తుడిచి, కళ్లద్దాలు పెట్టుకుని చూసి, కనబడక తన దగ్గరున్న పుస్తకం తిరగేశాడు.

"రెండొందల పదిహేను, డెబ్బై ఐదు, పదిహేను. బరువు మోసే రకంలోనే ఏటీ ఉన్నది. కంపెనీ పెట్టిన నంబరు దాటకు, మహమూద్ భాయ్. పాత బండి."

"బోడి టైర్లు గూడ గదే నంబరు గద. మల్ల గదే పెడితే కొత్తగ ఏమొస్తది?"

"గుండీ మారుతది."

"చూస్త" అన్నాడు మహమూద్. చూస్త అంటే కొనడని అర్థం. ఆయన మనసు బయలుదేరినప్పటి నుంచే నాగర్‌కర్నూల్ మీద ఉంది. తనకు పని నేర్పిన ఉస్తాద్ కొడుకు షాకీర్‌కు అక్కడ టైర్ల షాపుంది. ఎర్రమట్టి కనబడగానే ఆయన స్టీరింగ్ పట్టే తీరే మారిపోయింది.

షాకీర్ చూపించినవి రెండు వందల ముప్పై ఐదువి. రెండు సైజులు పెద్దవి. అదే డిస్కుకు పట్టేస్తాయి. లావుగా, ఎత్తుగా, దట్టమైన గుండీలతో ఉన్నాయి. వాటిని చూసినప్పుడు మహమూద్ ముఖంలో వచ్చిన వెలుగు నేను వేరే ఎప్పుడూ చూడలేదు.

"చాచా, బండి ఇంకింత ఎత్తు లేస్తది. బురద అడుగున ఉండిపోతది, నువ్వు మీదికెళ్లి పోతవు" అన్నాడు షాకీర్.

టైర్లు బిగించారు. ఇప్పుడు ఉస్తాద్ నేర్పిన పరీక్ష. టైరుకూ, పైన మడ్‌గార్డుకూ మధ్య పిడికిలి పెట్టాలి. పిడికిలి తిరిగితే టైరు ఆ బండిదే. తెలకపల్లి, నాగర్‌కర్నూల్ దిక్కు పాత డ్రైవర్లంతా ఈ లెక్కే నమ్ముతారు. నాలుగు చక్రాల దగ్గరా మహమూద్ పిడికిలి తిరిగింది, కొంచెం ఒరుసుకుంటూనే. స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూశాడు. ఎక్కడా తగల్లేదు. బండి కొత్త అల్లుడిలా నిలబడి ఉంది.

బాలనాగమ్మ లేచి వచ్చింది. పిడికిలి పెట్టలేదు. కొడవలి తీసి, వెనక టైరు మీద సందులో దూర్చి, అటూ ఇటూ లాగింది. కొన ఇరుక్కుంది.

"కొడవలి ఆడుతలేదు, అన్నా. మట్టి ఎట్ల పోతది?"

"టైరు తిరిగితే అదే రాలిపోతది, చెల్లె."

"మీ దిక్కు మట్టి రాలుతది. మాది రాలదు."

షాకీర్ నవ్వాడు. మహమూద్ కూడా నవ్వి, "టైర్ల సంగతి నాకు ఇడిసిపెట్టు, నువ్వు పత్తి సంగతి చూసుకో" అన్నాడు. నేనూ నవ్వాను. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. ఆమె కొడవలిని నడుముకు చెక్కుకుని, బండెక్కి కూర్చుంది. ఇటిక్యాల దాకా తొంభై కిలోమీటర్లు మహమూద్ టైర్ల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉంది.

తర్వాత ఎండ కాసిన మూడు రోజులు బండి గట్టు దాకా హాయిగా పోయింది. నాలుగో రోజు సాయంత్రం ముఠా మొగ్గ గిల్లి ఇంటికొచ్చాక గట్టి వాన. తెల్లవారికి ఆకాశం కడిగినట్టు ఉంది. పుప్పొడి ఆరుతుంది, పూలు విచ్చుకుంటాయి, క్రాసింగ్ తప్పదు. పరీక్ష అంటే అదే రోజు.

ఆ పొద్దున నేను లేను. విజయమ్మ చెప్పింది, మహమూద్ కాదనలేదు. తారురోడ్డు చివర ఆయన ఆగలేదు. హారన్ కొట్టి మరీ రేగడిలో దింపాడు. మొదటి రెండు వందల గజాలు బండి ఏనుగులా పోయింది. లోపల ఆడవాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత ఇంజన్ మూలగడం మొదలుపెట్టింది. గుండీల మధ్య ఇరికిన బంకమట్టి రాలలేదు. అది టైరుతో పాటు పైకి పోయి, మడ్‌గార్డు కింద ఒక పొర, దాని మీద ఇంకో పొర పేరుకుంది. పిడికిలి పరీక్ష చేసింది ఖాళీ బండికి. ఇరవై మంది ఎక్కాక కమాన్లు దిగి, ఆ సందు ఇంకా తగ్గింది. సగం దారిలో వెనక చక్రాలు తిరగడమే మానేశాయి. పెద్దగేరు వేసినా, చిన్నగేరు వేసినా చక్రం తిరగదు. బురదలో దిగబడిన బండినైతే తోయవచ్చు. చక్రాలు బిగుసుకున్న బండిని ఎవరు తోస్తారు.

ఆడవాళ్లు దిగారు. బాలనాగమ్మ కొడవలితో మడ్‌గార్డు కింద మట్టిని కోయడం మొదలుపెట్టింది. కొడవలి పట్టని చోట వేళ్లతో పీకారు. ఒక చక్రం వదిలేసరికి ఎనిమిదిన్నర. ఇరవై గజాలు కదిలి మళ్లీ బిగుసుకుంది. ఇక వదిలేసి నడిచారు. మోకాళ్ల దాకా మట్టితో, చేతులు కడుక్కునే తీరిక కూడా లేక, పదింబావుకు చేను చేరారు. మట్టి చేతులతో పువ్వు ముట్టుకోకూడదు. కడుక్కునేసరికి ఇంకో పావుగంట. ఆ రోజు ఎర్ర కాగితం కట్టిన మొగ్గల్లో మూడొంతులు ఎండిపోయాయి.

మహమూద్ వాళ్ల వెనకే చేను దాకా నడిచివెళ్లాడు. గట్టు మీద నిలబడ్డాడు. బాలనాగమ్మ మొక్కల వైపు చూసింది, చేతులు కడుక్కుంది, సాలులోకి వంగింది. టైము చెప్పలేదు.

అయినా ఆయన పగలంతా చక్రాల మట్టి పీకి, బాట కాస్త ఆరాక బండిని వెనక్కి తెచ్చి, సాయంత్రం అయిదింటికే తారురోడ్డు చివర పెట్టుకుని కూర్చున్నాడు. ఆరున్నరకు జితేందర్ ట్రాక్టర్ ట్రాలీ ఆయన పక్క నుంచే పోయింది. ఇరవై మందీ అందులో నిలబడి ఉన్నారు. విజయమ్మ ఒక్కతి చెయ్యెత్తింది.

అయిదు రోజులు అలాగే గడిచాయి. మహమూద్ పొద్దున ఆరింటికి అలవాటుగా బండి స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి, ఆపేసేవాడు. ఒక రోజు కిటికీకి అట్టముక్క పెట్టి మూశాడు. నేను చూస్తుండగానే సాయంత్రానికి తీసేశాడు. ఆరో రోజు మళ్లీ ముసురు పట్టింది. నా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సారూ, జర నా ఎంబడి బాలనాగమ్మ ఇంటికి రా. నాకు ఒక్కనికి సిగ్గయితుంది."

ఆమె వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. కూర్చోమంది. మహమూద్ కూర్చోలేదు.

"నీ మాట ఇనలేదు, చెల్లె. తప్పు నాదే. వనపర్తికి పోతున్న, నువ్వు గూడ రా. టైరు నువ్వు చూడు."

"టైర్ల సంగతి నాకేం తెలుసు?"

"గా మట్టి సంగతి నీకే తెలుసు. ముప్పై ఏండ్ల సంది నేను దాని మీద బండి నడుపుతున్న. నువ్వు దాంట్ల నడుస్తున్నవు."

ఆమె కుడితి కలపడం ఆపలేదు. "ట్రాలీల నడుములు పోతున్నయి, నిజమే. గని ముఠా మాట నేనొక్కదాన్నే జెప్పలేను. వాన వెలిసిన రోజు ఒక్కసారి నీ బండి ఎక్కుతం. గట్టు దాక పోతే అప్పుడు చూద్దాం."

వనపర్తిలో చంద్రశేఖర్ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. బురద ఎండిన ఆ లావు టైర్లను చూసి, నేను చెప్పలేదా అని కూడా అనలేదు. మంచి మనిషి. వాటిని ఎంతకు తీసుకున్నాడో మహమూద్ చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత నంబరులోనే, బరువు మోసే రకంలోనే, రెండు జాతుల టైర్లు తెచ్చి నిలబెట్టాడు. ఒకదానికి గుండీలు దట్టంగా ఉన్నాయి, చూడ్డానికి సొగసుగా ఉంది. రెండోదానికి గుండీలు దూరం దూరంగా ఉన్నాయి. తారు మీద కొంచెం గోల చేస్తుందన్నాడు. మహమూద్ చూపు మొదటిదాని మీదికే పోయింది. వెంటనే తల తిప్పుకుని బాలనాగమ్మను చూశాడు.

ఆమె చతికిలబడి మొదటిదాని గుండీల మధ్య వేలు పెట్టింది. పట్టలేదు. రెండోదాని మధ్య రెండు వేళ్లు పెట్టి ఆడించింది.

"గిది. గోల చేస్తే చెయ్యనీ."

బిగించాక ఆమె కొడవలి తీసింది. అంతకుముందే మమ్మల్నీ, చంద్రశేఖర్ పనివాళ్లనూ కలిపి పదకొండు మందిని బండి వెనక ఎక్కమంది. నేను కూడా ఎక్కాను, అరవై మూడేళ్ల వయసులో. బండి కిందికి దిగాక నాలుగు చక్రాల మీదా కొడవలి ఆడించింది. వెనక ఒక చోట తగిలింది. టైరు వెనక వేలాడే రబ్బరు పలక అది. "గిదెందుకు?" అంది. పీకించేశాడు మహమూద్. ఆయన వాదించకుండా ఒకరి మాట వినడం నేను చూడటం అదే మొదటిసారి.

రెండు రోజులకు ముసురు వెలిసింది. పొద్దున ఆరింటికి ఇరవై మందీ బండెక్కారు. నేను ముందర మహమూద్ పక్కన కూర్చున్నాను. వెనక ఎవరూ మాట్లాడటం లేదు. కిటికీలోంచి టైర్ల రొద తప్ప ఏమీ వినబడలేదు. తారురోడ్డు చివర బండి నిదానించింది. ఆయన పెదవులు కదిలాయి. దువా చేసుకున్నాడో, గేర్లు లెక్కపెట్టుకున్నాడో తెలియదు.

బండి రేగడిలో దిగింది. జారింది, ఊగింది, అటూ ఇటూ తల తిప్పింది. గుండీల్లోంచి మట్టి ముద్దలు ముద్దలుగా ఊడి వెనక్కి ఎగిరిపడుతోంది. పోయినసారి ఆగిన చోటు వచ్చింది. ఇంజన్ మూలిగింది. మహమూద్ చెవి వంచి విన్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది. వెనక నుంచి విజయమ్మ ఎవరితోనో, "మా కోడలు నిన్న ఏమన్నదో తెలుసా" అని మొదలుపెట్టింది. ఆయన భుజాలు అప్పుడు కిందికి దిగాయి.

ఏడుంబావుకు గట్టు చేరాం. జితేందర్ అక్కడే ఉన్నాడు, చక్రాలు చూశాడు, చేనులోకి పోయాడు. ఆడవాళ్లు దిగారు. బాలనాగమ్మ నాలుగు చక్రాల చుట్టూ తిరిగి, మడ్‌గార్డుల కింద కొడవలి ఆడించి, మిగిలిన మట్టి రాల్చింది. కొడవలి గడ్డికి తుడుచుకుంది. చేనులోకి నడిచింది.

మహమూద్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బండి తిప్పలేదు.

ఆమె పది పదిహేను అడుగులు పోయి ఆగింది. ఒక కొమ్మ వంచి చూసింది, ఇంకో కొమ్మ చూసింది. వెనక్కి తిరిగింది.

"మొగ్గ శానా ఉన్నది, అన్నా. ఆరున్నరకు రా."

"వస్త" అన్నాడు మహమూద్.

ఆ సాయంత్రం ఆయన నాలుగింటికే పోయి గట్టు మీద కూర్చున్నాడు.